హయత్‌నగర్ దాటాక వచ్చే బెంగాల్

(ఒక కాలనీ గ్రంథాలయంలో నెలనెలా జరిగే సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసుకున్న పాఠం. మాట్లాడిన తీరు చాలావరకు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వినపడుతోందా? ఆ ఫ్యాన్ ఒక్కటి కొంచెం తగ్గిస్తారా... సరే, ఇప్పుడు బాగుంది.

కార్యదర్శిగారు ఫోన్ చేసి "మీకు బాగా తెలిసిన విషయం ఏదైనా మాట్లాడండి" అన్నారు. నాకు బాగా తెలిసింది టీవీ చూడటం. (నవ్వులు) నిజంగానే అంటున్నాను. అందులోనూ బెంగాలీ టీవీ. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో ఎంతమందికి దాంతో పని ఉంటుందో తెలియదు కానీ, ఈ కథలో సగం మన హైదరాబాద్ పొలిమేరల్లోనే నడిచింది. అందుకే ఒప్పుకున్నాను.

ముందు ఒక చిన్న ప్రశ్న. 2003లోనో 2004లోనో, కూచ్ బెహార్‌లో ఒక రైతు సాయంత్రం టీవీ పెట్టుకుని తన జిల్లా వార్తలు చూస్తున్నాడు అనుకోండి. ఆ వార్తలు చదివే అమ్మాయి ఎక్కడ కూర్చుని చదువుతోంది? కోల్‌కతాలో అంటారు. కాదు. మన విజయవాడ హైవే మీద, హయత్‌నగర్ దాటాక, అనాజ్‌పూర్‌లో. రామోజీ ఫిల్మ్ సిటీలో. ఆ ఛానెల్ పేరు ఈటీవీ బాంగ్లా. ఈ రోజు దాని కథే చెబుతాను.

మాది ఖరగ్‌పూర్. ఐఐటీ కాదండీ, ఆ మాట వినగానే అందరూ అదే అనుకుంటారు. మాది రైల్వే ఖరగ్‌పూర్. పూర్వం బెంగాల్ నాగపూర్ రైల్వే అక్కడ పెద్ద వర్క్‌షాప్ పెట్టినప్పుడు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి బోలెడంతమంది కూలికీ, ఫిట్టర్ పనికీ వెళ్ళారు. మా తాత ఆ బండి ఎక్కినవాడే. ఇప్పటికీ అక్కడ గోల్ బజార్లో నిలబడి తెలుగులో బేరం ఆడొచ్చు. మా ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, రైల్వే మైదానంలో హిందీ. ఇలా పెరిగాం.

మా క్వార్టర్ పక్క క్వార్టర్లో ఒక బెంగాలీ కుటుంబం ఉండేది. ఆవిడని మేం కాకిమా అనేవాళ్ళం, అంటే పిన్ని అన్నట్టు. కాకిమాకీ మా మామ్మకీ ఒకరి భాష ఒకరికి రాదు. అయినా ముప్పై ఏళ్ళు గోడ మీదుగా మాట్లాడుకున్నారు. కేబుల్ కనెక్షన్ ముందు మాకు వచ్చింది. అందుకని సాయంత్రమయ్యేసరికి కాకిమా శంఖం ఊది, దీపం పెట్టి, తలుపు దగ్గరకి వేసి మా ఇంటికి వచ్చేసేది. మామ్మకి ఈటీవీ, కాకిమాకి ఈటీవీ బాంగ్లా. మా కేబుల్ అబ్బాయి ఆ రెండింటినీ పక్కపక్క నంబర్లలో పెట్టాడు. రెండింటికీ ఒకే రకం లోగో. మామ్మకి చదువు రాదు. లోగో చూసి మనదే అనుకునేది. తీరా చూస్తే బెంగాలీ. "ఇదేటిరా, మనోళ్ళే ఈళ్ళ భాషలో మాటాడుతున్నారు?" అని అడిగింది ఒకసారి. ఆ రోజు అందరం నవ్వాం. తర్వాత ఆలోచిస్తే ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం.

కొంచెం వెనక్కి వెళ్దాం. కోల్‌కతాలో దూరదర్శన్ 1975 ఆగస్టు 9న మొదలైంది. సుమారు పాతికేళ్ళపాటు బెంగాలీ టీవీ అంటే అదే. 1987లో ‘తేరో పార్బోన్’ అనే సీరియల్ వచ్చింది. సబ్యసాచి చక్రవర్తి అనే నటుడు అందులోనే తొలిసారి కనిపించాడు. ఈయన పేరు గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ వస్తుంది. తొంభైల చివర్లో దూరదర్శన్‌లోనే ఒక ప్రైవేటు సంస్థ చేసే ‘ఖాస్ ఖబర్’ అనే వార్తల కార్యక్రమం వచ్చేది. సర్కారు గొంతు కాకుండా, మనుషులు మాట్లాడే గొంతుతో వార్త చెప్పొచ్చని బెంగాల్ జనం మొదట విన్నది అక్కడే.

మన దేశంలో శాటిలైట్‌లో తొలి బెంగాలీ ఛానెల్ ఆల్ఫా బాంగ్లా. 1999 సెప్టెంబరులో జీ వాళ్ళు పెట్టారు. ఇప్పుడు జీ బాంగ్లా అంటున్నది అదే. 2005లో పేరు మార్చారు. 2000 సంవత్సరం వచ్చేసరికి ఒక్కసారిగా రద్దీ పెరిగింది. దూరదర్శన్‌కీ, తర్వాత స్టార్‌కీ పెద్దగా పనిచేసిన రతికాంత్ బసు తారా పేరుతో నాలుగు భాషల్లో ఛానెళ్ళు పెట్టాడు. వాటిలో నాలుగు రోజులు నిలబడింది బెంగాలీదే. అదే 2000లో ఈటీవీ బాంగ్లా వచ్చింది.

ఇక్కడ ఒక తమాషా చెప్పాలి. అదే ఏడాది ఏప్రిల్ 14న, అంటే బంగ్లాదేశ్ వాళ్ళు బెంగాలీ ఉగాది చేసుకునే రోజున, ఢాకాలో ఇంకో ఈటీవీ మొదలైంది. అది ఏకుషే టెలివిజన్. ఏకుషే అంటే ఇరవై ఒకటి. 1952 ఫిబ్రవరి 21న బెంగాలీ భాష కోసం ప్రాణాలు ఇచ్చినవాళ్ళ గుర్తుగా పెట్టుకున్న పేరు. రెండేళ్ళకే కోర్టు తీర్పుతో అది ఆగిపోయింది, 2007లో మళ్ళీ వచ్చింది. అంటే ఒకే భాషలో, ఒకే ఏడాది, రెండు ఈటీవీలు. ఒకదానిలో ‘ఈ’ ఏకుషే. రెండోదానిలో ‘ఈ’ మన ఈనాడు. బెంగాల్లో ఆ ‘ఈ’ అంటే ఏంటో అడిగితే చెప్పగలిగినవాళ్ళు చాలా తక్కువ. ఈస్టర్న్ అని చెప్పినవాళ్ళని నేనే చూశాను.

సరే, అసలు విషయం. తెలుగు పేపరు నడిపే మనిషికి బెంగాల్లో ఏం పని?

ఈనాడు 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో మొదలైంది. తెలుగువాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. పొద్దున్నే పాలప్యాకెట్ కంటే ముందు పేపరు రావాలన్న పంతం, ఎనభైల చివర్లో జిల్లాకి ఒక చిన్న పేపరు విడిగా ఇవ్వడం, ప్రతి మండలంలో ఒక కంట్రిబ్యూటర్. మా చుట్టాలింటికి శ్రీకాకుళం వెళ్ళినప్పుడు చూసేవాణ్ణి. మామయ్య ముందు మెయిన్ పేపర్ పక్కన పడేసి జిల్లా పేపరు తీసేవాడు. ఢిల్లీలో ఎవరి ప్రభుత్వం పడిపోయినా ముందు ఆమదాలవలసలో ఏం జరిగిందో చూడాలి. 1995 ఆగస్టు 27న ఈటీవీ తెలుగు మొదలయ్యాక ఆ అలవాటే టీవీలోకీ వచ్చింది.

ఇప్పుడు బెంగాల్ సంగతి చూడండి. బెంగాలీలో ఒక మాట ఉంది, మఫస్సల్. కోల్‌కతా కానిదంతా మఫస్సల్. బంకురా అయినా, బాలూర్‌ఘాట్ అయినా, లక్షల జనాభా ఉన్న ఆసన్‌సోల్ అయినా అంతే. మనకి హైదరాబాద్ ఎంత పెద్దదైనా విజయవాడ వాడు, విశాఖ వాడు, వరంగల్ వాడు ఎక్కడికక్కడ కాలరెగరేస్తాడు. బెంగాల్లో అలా కాదు. పత్రికలు, సినిమా, పుస్తకాలు, నాటకం, అన్నీ కోల్‌కతావే. పత్రికల్లో జిల్లాలకి ఒకటో రెండో పేజీలు. టీవీలో జిల్లా కనిపించాలంటే పడవ మునగాలి లేదా బస్సు లోయలో పడాలి.

ఈటీవీ బాంగ్లా ఆ పని తిరగేసింది. జిల్లాల్లో మనుషుల్ని పెట్టింది. కెమెరా పట్టుకున్నవాడు ఊళ్ళోవాడే. వాడు తీసిన దృశ్యాలు ఫిల్మ్ సిటీకి చేరేవి. అక్కడ బెంగాలీ డెస్క్ వాటిని కోసి, రాసి, చదివి, ఉపగ్రహానికి పంపేది. అంటే పురూలియాలో జరిగిన సంగతి పురూలియా జనానికి చేరాలంటే హైదరాబాద్ వచ్చి, ఆకాశానికి ఎక్కి, మళ్ళీ దిగేది. కోల్‌కతా మధ్యలో లేదు. నేను ఈ రోజు చెప్పాలనుకున్నది ఒక్క ముక్కలో ఇదే. బెంగాల్ జిల్లాలకి కోల్‌కతా కంటే ముందు అనాజ్‌పూర్ కెమెరా పెట్టింది. బయటివాడు కాబట్టే పెట్టగలిగాడని నా అభిప్రాయం. కోల్‌కతావాడికి మఫస్సల్ అంటే మఫస్సలే. తెలుగు పేపరు వాడికి జిల్లా అంటే సర్క్యులేషన్.

ఒక సాయంత్రం నాకు బాగా గుర్తు. వర్షాకాలం. గోల్ బజార్లో నీళ్ళు నిలిచి, చేపల దుకాణాల వాళ్ళు బల్లల మీద బల్లలు వేసుకుని పైన కూర్చుని అమ్ముతున్నారు. అది టీవీలో వచ్చింది. ఎంత వచ్చి ఉంటుంది, నలభై సెకన్లు. కాకిమా ఒక్కసారిగా లేచి నిలబడింది. "అరే, ఆమాదేర్ బాజార్!" మన బజారే అని. మా నాన్న కూడా చదువుతున్న పేపరు దించాడు. రోజూ మోకాలి లోతు నీళ్ళలో నడిచి వస్తున్న బజారది. కొత్తగా చూడటానికి ఏముంది? అయినా మర్నాడు వీధి వీధంతా దాని గురించే. కౌన్సిలర్ కూడా వచ్చి నిలబడి వెళ్ళాడు. నీళ్ళు పోయాయా అంటే, పోలేదు లెండి. (నవ్వులు) మా మేదినీపూర్ జిల్లా 2002 జనవరి ఒకటిన రెండు ముక్కలైంది. ఆ కబుర్లూ, ఏ ఆఫీసు ఎక్కడికి పోతుందన్న గొడవా అంతా మేం ఆ ఛానెల్లోనే చూశాం.

ఈటీవీ వాళ్ళు ఆ రెండు మూడేళ్ళలోనే మరాఠీ, కన్నడ, ఒడియా, గుజరాతీ, ఉర్దూ, ఇంకా బీహార్, ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్, రాజస్థాన్‌లకి ఛానెళ్ళు పెట్టుకుంటూ పోయారు. అన్నీ ఒకే ప్రాంగణం నుంచి. నా స్నేహితుడొకడు, మా మేదినీపూర్ వైపు వాడే, అక్కడ బెంగాలీ డెస్క్‌లో కొన్నాళ్ళు చేశాడు. వాడు చెప్పేవాడు, క్యాంటీన్లో భోజనం పళ్ళెం పట్టుకుని నడిస్తే ఐదు అడుగులకో రాష్ట్రం దాటినట్టు ఉండేదని. ఒక బల్ల దగ్గర ఒడియా, పక్క బల్ల దగ్గర మరాఠీ. అందరికీ కామన్‌గా ఉన్నది సాంబారు మీద ఫిర్యాదు.

వాడి చేపల కథ ఒకటి చెప్పకుండా ముందుకి పోలేను. బెంగాలీకి ఇలిష్ చేప అంటే ప్రాణం. వర్షాకాలంలో అది లేకపోతే మనిషి ఢీలా పడిపోతాడు. వీడు హైదరాబాద్‌లో చేపల మార్కెట్లన్నీ తిరిగి, చివరికి ఒక కోనసీమ సహోద్యోగిని అడిగాడు. ఆయన, "అది మా పులస కదయ్యా" అన్నాడు. నిజమే, రెండూ ఒకే చేప. సముద్రం నుంచి ఎదురీదుకుంటూ గంగలోకి వస్తే ఇలిష్, గోదావరిలోకి వస్తే పులస. వీడు సంబరపడి ధర అడిగాడు. అంతే, ఆ ఏడాది ఇలిష్ తినలేదు. (నవ్వులు) పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత ఆయన వాడికి అర్థం చెప్పి మరీ వినిపించాడట. వాడికి పెళ్ళి కాలేదు, అమ్మడానికి పుస్తెలు కూడా లేవు.

తెలుగు నుంచి వెళ్ళిన సరుకు ఇంకోటి ఉంది. అన్నదాత. మనకి ఆ పేరుతో పత్రిక 1969లో వచ్చింది, తర్వాత ఈటీవీలో పొద్దున్నే వచ్చే వ్యవసాయ కార్యక్రమం. అది మిగతా ఈటీవీ ఛానెళ్ళకీ వెళ్ళింది. సంస్కృతం మాట కాబట్టి బెంగాలీలో అర్థం మారలేదు, నోరు మాత్రం మారింది. వాళ్ళు ‘అన్నోదాతా’ అంటారు. బర్ధమాన్ వైపు వరి రైతులకీ, హుగ్లీ వైపు బంగాళాదుంప రైతులకీ తమ భాషలో, తమ పొలంలో తీసిన కార్యక్రమం. కోల్‌కతాలో టీవీ గురించి రాసే విమర్శకులు దీని గురించి ఒక్క వాక్యం రాయగా నేను చూడలేదు. వాళ్ళకి పొద్దున ఆరున్నరకి మెలకువ ఉండదనుకుంటాను.

అలాగని జిల్లా, పొలం మాత్రమే అనుకోకండి. ‘ఎబొంగ్ రితుపర్ణో’ అని ఒక కార్యక్రమం వచ్చేది. దర్శకుడు ఋతుపర్ణ ఘోష్ కూర్చుని సినిమావాళ్ళతో, రచయితలతో, పాటగాళ్ళతో మాట్లాడేవాడు. ఎబొంగ్ అంటే ‘మరియు’. మరియు ఋతుపర్ణ! పేరు చూడండి, ఎంత వయ్యారంగా ఉందో. సెలబ్రిటీని పొగడటానికి పిలిచినట్టు ఉండేది కాదు. రాత్రి భోజనం అయ్యాక ఇంటికొచ్చిన స్నేహితుడితో వసారాలో కూర్చున్నట్టు ఉండేది. మా అక్క ఆ కార్యక్రమం కోసమే సాహిత్య బెంగాలీ నేర్చుకుంది. వీధి బెంగాలీ మా అందరికీ వచ్చు, కానీ ఆయన మాట్లాడే బెంగాలీకి ఇస్త్రీ మడతలు ఉండేవి.

దీనికి పూర్తిగా రెండో వైపు ‘రోజ్‌గేరే గిన్ని’. సంపాదించే ఇల్లాలు అని అర్థం. గృహిణులు వచ్చి ఆటలు ఆడి బహుమతులు గెలుచుకునేవాళ్ళు. కాకిమాకి ప్రాణం. తను వెళ్తే ఏ ఆట ఎలా ఆడాలో వంటింట్లో ప్రాక్టీసు చేసేది. ఒకసారి దరఖాస్తు కూడా పంపింది, మా నాన్న చేత రాయించి. పిలుపు రాలేదు. మా నాన్న బెంగాలీ దస్తూరీ వల్లే రాలేదని చివరిదాకా అనుకుంది. ఆయన రాసే బెంగాలీ అక్షరాలకి కూడా తెలుగు గుండ్రదనం వచ్చేసేది మరి.

ఈ ఛానెళ్ళన్నీ తలపడే రోజు ఒకటి ఉంది, మహాలయ. దసరా నవరాత్రులకి ముందు వచ్చే అమావాస్య. 1931 నుంచి ఆకాశవాణి ఆ రోజు తెల్లవారుజామున నాలుగింటికి ‘మహిషాసురమర్దిని’ వేస్తుంది. బాణీకుమార్ రచన, పంకజ్ మల్లిక్ సంగీతం, బీరేంద్రకృష్ణ భద్ర చండీపాఠం. 1976లో ఆయన్ని పక్కన పెట్టి సినిమా హీరో ఉత్తమ్ కుమార్ చేత కొత్తది చేయించారు. ఉత్తమ్ అంటే బెంగాల్‌కి మన ఎన్టీఆర్, ఏఎన్నార్ కలిపినంత. అయినా జనం ఊరుకోలేదు. గోల గోల చేసి పాతదే మళ్ళీ తెప్పించుకున్నారు. అలాంటి రోజున టీవీ ఛానెల్ ఏం చేయగలదు? నాలుగింటికి రేడియో వదిలేసి, ఐదింటికి పట్టుకుంటుంది. ఏ ఛానెల్‌కి ఆ ఛానెల్ తన సీరియల్ నాయికని దుర్గని చేసి నృత్యరూపకం వేస్తుంది. ఎవరు దుర్గ అన్నది నెల ముందు నుంచీ పేపర్లలో వార్త. మా ఇంట్లో ఆ రోజు చీకటితోనే రేడియో కాకిమా ఇంట్లో, టీవీ మా ఇంట్లో. రెండు ఇళ్ళ మధ్య టీ కప్పులు తిరిగేవి. మామ్మ రేడియో పార్టీ. అర్థం కాకపోయినా "ఆ గొంతు చాలు" అనేది.

ఇక వార్తల వైపు పెద్ద మలుపు 2005 నుంచి. ఆ ఏడాది స్టార్ ఆనంద వచ్చింది, ఇప్పుడు ఏబీపీ ఆనంద అంటున్నది. తర్వాత ఏడాది 24 ఘంటా, కోల్‌కతా టీవీ. ఇరవై నాలుగు గంటలూ బెంగాలీ వార్తలే. సరిగ్గా ఆ సమయానికే సింగూరు రగిలింది, నానో కారు ఫ్యాక్టరీ భూముల గొడవ. 2007 మార్చి 14న నందిగ్రామ్‌లో పోలీసు కాల్పులు, పద్నాలుగు మంది చనిపోయారు. నందిగ్రామ్ మా పాత మేదినీపూర్ జిల్లాలోనిదే. ముప్పై ఏళ్ళు కదలని లెఫ్ట్ ఫ్రంట్ ప్రభుత్వం కదలడం అక్కడ మొదలైంది. దానిలో టీవీ వాటా ఎంత అన్న దాని మీద బెంగాల్లో ఇప్పటికీ టీ కొట్ల దగ్గర వాదనలు జరుగుతాయి. నేను చూసింది చెబుతాను. సింగూరు, నందిగ్రామ్ రెండూ మఫస్సలే. మట్టిరోడ్డు మీద చీర కొంగు బిగించిన ముసలావిడ మైకులో మాట్లాడటం బెంగాల్ జనానికి అప్పటికే అలవాటు. ఆరేడేళ్ళుగా చూస్తున్నారు. ఆ అలవాటు చేసింది ఎవరో ఎవరూ తలుచుకోలేదు, అది వేరే సంగతి.

కానీ దెబ్బ వార్తల వైపు నుంచి కాదు, సీరియళ్ళ వైపు నుంచి తగిలింది. 2008 సెప్టెంబరు 8న స్టార్ జల్సా మొదలైంది. వాళ్ళ నినాదం ‘చలో పాల్టాయ్’, పదండి మారుద్దాం. మూడేళ్ళకి రాష్ట్రంలో ప్రభుత్వమే మారింది. ఆ మాట అప్పటికే గాలిలో ఉంది మరి. సీరియళ్ళ దృశ్యాల్లో ఖరీదు కనిపించింది. చీరలు, నగలు, నాలుగు అంతస్తుల ఉమ్మడి కుటుంబం. కాకిమా కోడలు వచ్చాక రిమోట్ చేతులు మారింది. సాయంత్రం ఆరు నుంచి రాత్రి పదిన్నర దాకా జల్సా, జీ, మళ్ళీ జల్సా. గురువారం గురువారం టీఆర్పీలు వస్తాయి, ఏ సీరియల్ ‘బెంగాల్ టాపర్’ అన్నది క్రికెట్ స్కోరులాగా మాట్లాడుకుంటారు. ఆ స్కోరు బోర్డు మీద ఈటీవీ బాంగ్లా పేరు కిందకి జారిపోయింది.

వాళ్ళు ఊరికే కూర్చోలేదు. 2013లో బిగ్ బాస్‌ని తొలిసారి బెంగాలీలో తెచ్చారు, మిథున్ చక్రవర్తి వ్యాఖ్యాత. 2014లో డిటెక్టివ్ బ్యోమ్‌కేష్ కథలు సీరియల్‌గా తీశారు. బ్యోమ్‌కేష్‌గా వేసిన కుర్రాడు గౌరవ్ చక్రవర్తి. గుర్తుపెట్టుకోమన్నాను చూడండి, 1987లో ‘తేరో పార్బోన్’తో వచ్చిన సబ్యసాచి, ఆయన కొడుకే. తండ్రి సినిమాల్లో ఇంకో పెద్ద బెంగాలీ డిటెక్టివ్ ఫెలూదా. ఇంట్లో తండ్రి ఫెలూదా, కొడుకు బ్యోమ్‌కేష్. ఆ కుటుంబంలో వంటింట్లో లడ్డూ దొంగతనం చేయడం ఎంత కష్టమో! (నవ్వులు) నాకు ఆ సీరియల్ చాలా ఇష్టం.

ఇక్కడ టాలీగంజ్ గురించి ఒక మాట. కోల్‌కతాలో స్టూడియోలు ఉన్న పేట అది. మనం టాలీవుడ్ అంటున్నామే, ఆ పేరు ముప్పైల్లోనే వాళ్ళకి ఉంది, టాలీగంజ్ కాబట్టి. మనం తర్వాత పెట్టుకున్నాం. అక్కడి నటులు, టెక్నీషియన్ల సంఘాలు చాలా గట్టివి. వేరే భాష సీరియల్‌ని బెంగాలీలోకి డబ్ చేసి వేస్తే మా పొట్ట కొట్టినట్టే అంటారు. 2011లో డబ్ చేసిన మహాభారతం వేయబోతే రెండు ఛానెళ్ళ మీద ఒత్తిడి తెచ్చారు. అది కాంపిటీషన్ కమిషన్‌కి వెళ్ళి, అక్కడి నుంచి ట్రిబ్యునల్‌కి, సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 2017లో సుప్రీంకోర్టు కమిషన్ వైపే తీర్పు ఇచ్చింది, అలా అడ్డుకోవడం కుదరదని. చట్టం సంగతి అలా ఉంచి, నా మనసు మాత్రం టెక్నీషియన్ల వైపే ఉంటుంది. లైట్లు మోసేవాడికి డబ్బింగ్ సీరియల్‌లో పని లేదు కదా.

ఇప్పుడు యాజమాన్యం సంగతి. ఇది త్వరగా చెప్పేస్తాను, లెక్కలు ఎక్కువ. 2006 చివర్లో ఈనాడు గ్రూపువాళ్ళదే అయిన మార్గదర్శి ఫైనాన్షియర్స్ డిపాజిట్ల వివాదం మొదలైంది, ఇక్కడ అందరికీ తెలిసిందే. ఆ తర్వాత గ్రూపులోకి బయటి పెట్టుబడి వచ్చింది. 2012 జనవరిలో రిలయన్స్ డబ్బుతో టీవీ18 వాళ్ళు ఈటీవీ ఛానెళ్ళు కొంటున్నట్టు ప్రకటించారు, సుమారు 2,100 కోట్ల బేరం. హిందీ, ఉర్దూ వార్తా ఛానెళ్ళు పూర్తిగా. బాంగ్లా, మరాఠీ, కన్నడ, గుజరాతీ, ఒడియా వినోద ఛానెళ్ళలో సగం వాటా. తెలుగు ఈటీవీలో పావు వంతుకి కొంచెం తక్కువ. 2014 జనవరికి ఆ వ్యవహారం ముగిసింది. ఒక ఊళ్ళో కోర్టు గొడవ, ఇంకో ఊళ్ళో బ్యాంకు లెక్క, ముంబైలో సంతకం. కాకిమా చూసే ఛానెల్ తలరాత ఈ మూడుచోట్లా రాశారు. ఖరగ్‌పూర్‌లో ఎవరికీ తెలియదు.

2015లో పేరు మారింది, కలర్స్ బాంగ్లా. అంతకు ముందు ఏడాదే మొదలైన ఈటీవీ న్యూస్ బాంగ్లా 2018లో న్యూస్18 బాంగ్లా అయింది. ఆ ‘ఈ’ బెంగాల్ తెర మీద నుంచి పూర్తిగా పోయింది. ఆ తర్వాత కలర్స్ బాంగ్లా మహాప్రభు చైతన్య, మనసాదేవి అని భక్తి కథలు వేసింది, కొంత ఆడింది. చివరికి 2024 నవంబరులో కలర్స్ బాంగ్లా నడిపే వయాకామ్18, స్టార్ జల్సా నడిపే డిస్నీ స్టార్ కలిసి జియోస్టార్ అయ్యాయి. అంటే ఎవరి దెబ్బకి ఈటీవీ బాంగ్లా కిందకి జారిందో ఆ స్టార్ జల్సా, దాని వారసురాలు కలర్స్ బాంగ్లా ఇప్పుడు ఒకే ఇంటి కోడళ్ళు. సీరియల్ రైటర్ రాస్తే కూడా అతిగా ఉందంటాం.

ఆ మధ్యలో శారదా చిట్‌ఫండ్ కుప్పకూలడం, దాని చేతిలో ఉన్న తారా, ఛానెల్ 10 వీధిన పడటం, 2013 ఏప్రిల్‌లో... అదో పెద్ద కథ. ఇప్పుడు మొదలుపెడితే మీకు చివరి బస్సు దొరకదు.

(సభలో ఒకరు: ఇప్పుడు ఫిల్మ్ సిటీలో బెంగాలీ లేనట్టేనా మాస్టారూ?)

మంచి ప్రశ్న. ఉంది. 2019 మార్చి 21న ఈటీవీ భారత్ అని మొదలుపెట్టారు, పదమూడు భాషల్లో ఫోన్‌లో వార్తలు. అందులో బెంగాలీ ఉంది. మళ్ళీ జిల్లా వార్తలు, మళ్ళీ అనాజ్‌పూర్‌లో బెంగాలీ డెస్క్. రామోజీరావు గారు 2024 జూన్ 8న పోయారు. బెంగాల్లో చాలామంది ఆయన పేరు ఆ రోజు వార్తల్లోనే మొదటిసారి విన్నారు. మా అక్క ఫోన్ చేసి, "రోజ్‌గేరే గిన్ని మనిషి పోయాడట" అంది. కాకిమా కోసం అలా చెప్పిందట, లేకపోతే ఆవిడకి ఎవరో అర్థం కాదని.

(ఇంకొకరు: కాకిమా ఉన్నారా ఇంకా?)

ఉంది, ఉంది. ఎనభై దాటింది. క్వార్టర్ ఎప్పుడో ఖాళీ చేశారు, మలంచ వైపు ఇల్లు కట్టుకున్నారు. పోయిన దుర్గాపూజలకి వెళ్ళాను. టీవీ కోడలి గదిలోకి వెళ్ళిపోయింది, ఈవిడకి మనవడు ఫోన్ ఇచ్చాడు. చూపు సరిగ్గా ఆనక మొహానికి ఇంత దగ్గర పెట్టుకుని చూస్తోంది. ఏం చూస్తున్నావు కాకిమా అంటే, నా వైపు తిప్పింది. ఎక్కడో జిల్లాలో రోడ్డు మీద నీళ్ళు. జనం చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తున్నారు. "ఇది మన బజారేనా చూడు" అంది. కాదు కాకిమా, వేరే ఊరు అన్నాను. "ఓ" అని మళ్ళీ తనవైపు తిప్పుకుంది.

టీ వచ్చినట్టుంది. అవి చల్లారకముందే మిగతా ప్రశ్నలు అక్కడే మాట్లాడుకుందాం.